తొలిదశ ఊపిరితిత్తుల క్యాన్సర్: స్కానింగులు, ‘కరెంటు’ వైద్యం గురించి మన సిక్కోలు, విజయనగరం వాళ్లు అడిగే ప్రశ్నలు

మాది నరసన్నపేట పక్క పల్లె. విశాఖలో రేడియేషన్ మెషీన్ మీద టెక్నాలజిస్టుగా పనిచేస్తున్నాను. నా యాస వినగానే మనవైపు పేషెంట్లు దగ్గరకొచ్చి, డాక్టరుగారి గదిలో నోరు మెదపని సంగతులన్నీ నన్ను అడుగుతారు. ఇవి ఆ ప్రశ్నలే. నేను డాక్టర్ని కాదు, మీ విషయంలో నిర్ణయం మీ డాక్టరుదే. బస్సులో వస్తూ ఇది చదివితే గదిలోకి వెళ్లాక ఏం అడగాలో మీకే తెలుస్తుంది.

ఎక్స్‌రేలో మచ్చ ఉందన్నారు. క్యాన్సరేనా?

ఎక్స్‌రే చూసి ఆ మాట ఎవరూ చెప్పలేరు. పాత టీబీ మచ్చ కావచ్చు, ఎప్పుడో వచ్చిన న్యుమోనియా గుర్తు కావచ్చు, హాని లేని గడ్డ కావచ్చు. ఎక్స్‌రే అంటే ఛాతీ మొత్తం ఒకే కాగితం మీద పడిన నీడ. గుండె వెనక, కాలర్ ఎముక కింద ఉన్న చిన్న గడ్డలు అందులో దాక్కుంటాయి. అందుకే సీటీ స్కాన్ రాస్తారు. సీటీలో ఊపిరితిత్తిని పలుచని ముక్కలుగా చూస్తారు కాబట్టి కొన్ని మిల్లీమీటర్ల మచ్చ కూడా దొరుకుతుంది.

సీటీ కన్నా ముందు ఇంట్లో వెతకాల్సింది ఒకటుంది: పాత ఫిల్ములు, సీడీలు. గట్టి మచ్చ రెండేళ్లుగా అదే సైజులో ఉంటే సాధారణంగా భయం లేదు. 10 మిల్లీమీటర్ల గడ్డ 12.6 మిల్లీమీటర్లయితే కంటికి పెద్ద తేడా అనిపించదు, కానీ ఘనపరిమాణంలో అది రెట్టింపు అయినట్టే. ఆ తేడా పాతదీ కొత్తదీ పక్కపక్కన పెడితేనే దొరుకుతుంది. చీపురుపల్లి వైపు నుంచి వచ్చిన ఒక రైతుని పాత సీడీ ఏదండీ అంటే, మొక్కజొన్న చేలో చిలకలు వాలకుండా తాడు కట్టి వేలాడదీశానన్నాడు. నవ్వొచ్చింది. ఆ సీడీ లేకపోవడం వల్లే ఆయన ఇంకో మూడు నెలలు ఆగి మళ్లీ స్కాన్ తీయించుకోవాల్సి వచ్చింది.

టీబీ మందులు వాడి చూద్దామన్నారు. వాడొచ్చా?

మనవైపు అన్నిటికన్నా ఎక్కువ కాలం పోయేది ఇక్కడే. మన దగ్గర టీబీ ఎక్కువ, కాబట్టి ఆ అనుమానం రావడం తప్పు కాదు. కానీ టీబీకి పరీక్ష ఉంది. కఫంలో క్రిములున్నాయేమో చూసే సీబీనాట్, ట్రూనాట్ పరీక్షలు ప్రభుత్వ టీబీ కార్యక్రమంలో ఉచితం. అందులో టీబీ తేలితే మందులు వాడాల్సిందే, మధ్యలో ఆపకూడదు. ఏ రుజువూ లేకుండా ‘ఆరు నెలలు వాడి చూద్దాం’ అంటే మాత్రం ఒక్క మాట అడగండి: మళ్లీ స్కాన్ ఎప్పుడు? తగ్గకపోతే తర్వాత ఏం చేస్తారు? ఆరు నెలల్లో తొలిదశ గడ్డ తొలిదశలోనే ఉంటుందని ఎవరూ హామీ ఇవ్వలేరు. టీబీ, క్యాన్సర్ రెండూ ఒకే మనిషిలో ఉండటం కూడా మాకు కొత్త కాదు.

తొలిదశ అంటే ఎంత?

గడ్డ ఊపిరితిత్తి దాటకూడదు, లింఫ్ గ్రంథులకి పాకకూడదు. సైజు 4 సెంటీమీటర్ల లోపైతే మొదటి దశ. 4 నుంచి 5 మధ్యనుండి గ్రంథులు శుభ్రంగా ఉంటే రెండో దశ మొదట్లో ఉన్నట్టు. ఈ దశలో చాలామందికి దగ్గూ ఉండదు, నొప్పీ ఉండదు. హెర్నియా ఆపరేషన్‌కి ముందు తీసిన ఎక్స్‌రేలోనో, ఇంకో జబ్బుకి తీసిన సీటీలోనో అనుకోకుండా బయటపడుతుంది. ‘ఒంట్లో ఏ బాధా లేదు, క్యాన్సర్ ఏటి బాబూ’ అని వాదించిన వాళ్లు చాలామంది ఉన్నారు. బాధ లేకపోవడం తొలిదశలో మామూలే.

సీటీ చేశాక మళ్లీ పెట్ సీటీ ఎందుకు? డబ్బుల కోసమా?

కాదు. సీటీ ఆకారం చూపిస్తుంది, పెట్ పనిని చూపిస్తుంది. కొద్దిగా రేడియోధార్మికత కలిపిన గ్లూకోజు నరంలోకి ఎక్కిస్తారు. వేగంగా పెరిగే కణాలు చక్కెరను ఎక్కువగా లాగేసుకుంటాయి కాబట్టి అవి చిత్రంలో వెలుగుతాయి. ఛాతీ మధ్య గ్రంథుల్లో గానీ, కాలేయం, ఎముకల్లో గానీ వెలుగు కనబడి, అది క్యాన్సరేనని తేలితే తొలిదశ కాదు, వైద్యం దారి మొత్తం మారిపోతుంది. గడ్డ ఒక్కటే వెలిగితే దాన్ని మాత్రమే గురిపెట్టే వైద్యం గురించి ఆలోచించవచ్చు.

పెట్‌కీ లోపాలున్నాయి. టీబీ కూడా అంతే జోరుగా వెలుగుతుంది. నెమ్మదిగా పెరిగే కొన్ని క్యాన్సర్లు దాదాపు వెలగవు. మెదడు ఎప్పుడూ చక్కెర తింటూనే ఉంటుంది కాబట్టి అక్కడి చిన్న మచ్చలు కప్పబడిపోతాయి, దానికి అవసరమైతే వేరే ఎమ్మారై రాస్తారు. ఛాతీ మధ్య గ్రంథి మీద అనుమానం వస్తే గొంతులోంచి సన్నటి గొట్టం పంపి, అల్ట్రాసౌండ్‌తో చూస్తూ సూదితో ముక్క తీస్తారు. దాన్ని ఈబస్ అంటారు.

స్కాన్ రోజు కనీసం ఆరు గంటలు ఏమీ తినకూడదు. పంచదార వేసిన టీ కూడా తిండి కిందే లెక్క. మంచినీళ్లు తాగొచ్చు. బ్లడ్ షుగర్ 200 దాటితే మామూలుగా స్కాన్ వాయిదా వేస్తారు, కాబట్టి షుగరు మందులు, ఇన్సులిన్ ఎప్పుడు వేసుకోవాలో ముందు రోజే ఫోన్ చేసి అడగండి. ముందు రోజు పొలం పని, బరువులెత్తడం వద్దు. కండరాలు కూడా చక్కెర లాగేస్తాయి. ఇంజక్షన్ తర్వాత గంటసేపు కబుర్లు లేకుండా పడుకోవాలి. టైముకి రమ్మని అంతగా చెప్పేది అహంకారంతో కాదు. ఆ మందు 110 నిమిషాల్లో సగమైపోతుంది. మీరు ఇచ్ఛాపురం బస్సు దిగి ఆలస్యంగా వస్తే మీ వాటా మందు గాల్లో కలిసిపోయినట్టే.

మాది ఉద్దానం. కిడ్నీలు బాగోలేవు. స్కాన్ చేయించుకోవచ్చా?

మంచి ప్రశ్న. కవిటి, సోంపేట, వజ్రపుకొత్తూరు, పలాస వైపు నుంచి వచ్చేవాళ్లు అడక్కపోయినా నేనే అడుగుతాను. సీటీలో నరానికి ఎక్కించే కాంట్రాస్ట్ మందు దెబ్బతిన్న కిడ్నీల మీద భారం పెట్టొచ్చు. అందుకే క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పే రక్త పరీక్ష) రిపోర్టు లేకుండా అది ఎక్కించుకోవద్దు. ఊపిరితిత్తిలో గడ్డని కాంట్రాస్ట్ లేకుండానే బాగా చూడొచ్చు. కాంట్రాస్ట్ గ్రంథుల దగ్గరే ఎక్కువ పనికొస్తుంది. పెట్‌లో ఇచ్చే గ్లూకోజు మందుతో కిడ్నీలకి ఆ ఇబ్బంది లేదు. ఊపిరితిత్తికి ఇచ్చే రేడియేషన్ కిడ్నీలను దాదాపు తాకదు. డయాలసిస్‌లో ఉన్నవాళ్లు డయాలసిస్ రోజులు ముందే చెబితే రేడియేషన్ సిట్టింగులు ఆ రోజులు తప్పించి వేస్తాం.

ముక్క పరీక్షకి సూది గుచ్చితే క్యాన్సర్ పాకిపోతుందట కదా?

ఈ మాట ఏ ఊరెళ్లినా నాకన్నా ముందే చేరుకుంటుంది. సూది దారిలో కణాలు పాకడం చాలా చాలా అరుదు. నిజంగా జాగ్రత్త పడాల్సింది ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరడం గురించి. సీటీ చూస్తూ బయటి నుంచి సూదితో ముక్క తీసినప్పుడు అయిదుగురిలో ఒకరికి దగ్గర దగ్గరగా కొంత గాలి చేరుతుంది. చాలామందికి దానంతటదే తగ్గిపోతుంది, కొద్దిమందికి గొట్టం వేయాలి. అందుకే కొన్ని గంటలు అక్కడే ఉంచుతారు. ఆ రోజే పాసింజర్ బండి ఎక్కి వెళ్లిపోవాలని తొందరపడకండి.

ఊపిరితిత్తులు మరీ బలహీనంగా ఉండి సూది వేయలేని సందర్భాలుంటాయి. అప్పుడు గడ్డ పెరిగిన తీరు, పెట్ వెలుగు చూసి డాక్టర్లంతా కూర్చుని నిర్ణయిస్తారు. టీబీ ఎక్కువగా ఉన్న మన దేశంలో ముక్క పరీక్ష లేకుండా రేడియేషన్ ఇవ్వాలంటే అందరూ వెనకాడతారు. వెనకాడటమే మంచిదని నా అభిప్రాయం.

ఆపరేషన్ మంచిదా, రేడియేషన్ మంచిదా?

ఆపరేషన్‌కి తట్టుకోగల మనిషికి ఇప్పటికీ మొదటి దారి ఆపరేషనే. గడ్డతో పాటు గ్రంథులు కూడా తీసి పరీక్షించే వీలుంటుంది. కానీ మన పేషెంట్లలో చాలామంది చుట్ట, బీడీ తాగి తాగి ఊపిరితిత్తులు అరిగిపోయినవాళ్లు. గొట్టంలోకి గట్టిగా ఊదించే పరీక్ష చేస్తారు. అందులో బలం చాలదని తేలితే, గుండె జబ్బు ఉంటే, లేదా మనిషే కత్తి వద్దంటే, అప్పుడు ఎస్‌బీఆర్‌టీ అనే గురిపెట్టిన రేడియేషన్. కొందరు డాక్టర్లు దీన్నే ఎస్‌ఏబీఆర్ అని రాస్తారు, రెండూ ఒకటే.

ఎంత పనిచేస్తుందని అడుగుతారు. అమెరికాలో ఆపరేషన్‌కి పనికిరాని 55 మందికి మూడు సిట్టింగుల్లో ఇచ్చి, ఫలితాలు 2010లో ప్రకటించారు. మూడేళ్ల తర్వాత నూటికి దాదాపు 98 మందిలో ఆ గడ్డ మళ్లీ పెరగలేదు. ఇంతవరకే చెబితే సగం చెప్పినట్టు. అదే పరిశోధనలో మూడేళ్లకి బతికున్నది నూటికి 56 మందే. వాళ్లు మొదటి నుంచీ గుండె, ఊపిరితిత్తుల జబ్బులతో బలహీనమైనవాళ్లు. కొందరిలో క్యాన్సర్ వేరేచోట బయటపడింది. వైద్యం గడ్డని ఆపగలదు గానీ అరిగిన ఊపిరితిత్తిని కొత్తది చెయ్యలేదు.

‘కరెంటు పెట్టడం’ అంటే షాక్ ఇస్తారా?

లేదు. ఆ మాట ఎవరు మొదలెట్టారో గానీ ముసలివాళ్లను బాగా భయపెట్టింది. ఒంటికి ఏ తీగా తగలదు. లినాక్ అనే మెషీన్ శక్తిమంతమైన ఎక్స్‌రే కిరణాలను బయటి నుంచి పంపుతుంది. ఎక్స్‌రే తీయించుకున్నప్పుడు ఏం తెలిసింది? ఇదీ అంతే.

సిరిమాను రోజు విజయనగరం గుర్తు తెచ్చుకోండి. ఒక్కో సందులోంచి వచ్చే జనం కొద్దికొద్దిగానే ఉంటారు. మూడు లాంతర్ల దగ్గరకొచ్చేసరికి ఇసుక వేస్తే రాలదు. కిరణాలూ అలాగే. ఒక్కో దిక్కు నుంచి పలుచగా వచ్చి, గడ్డ ఉన్న చోట మాత్రం కిక్కిరిసిపోతాయి. దారిలో ఉన్న మంచి భాగానికి తక్కువ దెబ్బ, గడ్డకి పూర్తి దెబ్బ. పాత పద్ధతిలో రోజుకి 2 గ్రే (రేడియేషన్ మోతాదుకి కొలత) చొప్పున ఆరు వారాలు ఇచ్చేవారు. ఎస్‌బీఆర్‌టీలో 54 గ్రే మూడు సిట్టింగుల్లో, లేదా 48 గ్రే నాలుగింటిలో, లేదా 50 గ్రే అయిదింటిలో అయిపోతుంది.

మా పక్కింటాయనకి మూడే పెట్టారు, నాకు ఎనిమిదన్నారు. నాది ముదిరిందా?

ముదరలేదు. గడ్డ ఉన్న చోటు వేరు. పెద్ద శ్వాసనాళాలకి 2 సెంటీమీటర్ల దూరం లోపు ఉన్న గడ్డలకి మూడు పెద్ద మోతాదులు ఇచ్చిన తొలిరోజుల్లో ప్రాణం మీదకొచ్చిన సందర్భాలున్నాయి. అప్పటి నుంచి నాళాలు, గుండె, అన్నవాహిక దగ్గరున్న గడ్డలకి అదే వైద్యాన్ని అయిదు లేదా ఎనిమిది చిన్న మోతాదులుగా ఇస్తారు.

రేడియేషన్‌కి ముందు చేసే ప్లానింగ్ సీటీ ఏమిటి? ఇప్పటికే రెండు స్కాన్లు అయ్యాయి కదా?

ఆ రెండూ జబ్బుని కనుక్కోవడానికి. ఇది గురి కుదుర్చుకోవడానికి. నా పనిలో అసలు కష్టమంతా ఇక్కడే, అందుకే కాస్త వివరంగా చెబుతాను.

ఊపిరితిత్తిలో గడ్డ ఒకచోట ఉండదు, ఊపిరితో పాటు పైకీ కిందకీ తిరుగుతుంది. పై భాగంలో ఉంటే కదలిక తక్కువ. డయాఫ్రం (ఛాతీకీ పొట్టకీ మధ్య ఉండే కండరం) దగ్గర కింది భాగంలో ఉంటే ఒక సెంటీమీటరు, కొందరిలో రెండు దాటి కూడా కదులుతుంది. 2 సెంటీమీటర్ల గడ్డ 2 సెంటీమీటర్లు కదిలితే గురి ఏమవుతుందో ఆలోచించండి. అందుకే ‘4డీ సీటీ’ తీస్తాం. మీరు మామూలుగా ఊపిరి తీస్తుంటే పొట్ట మీద చిన్న పెట్టె పెట్టి, దాని కదలికతో జతచేసి, ఊపిరిలోని ఒక్కో దశకి ఒక్కో స్కాన్‌గా సాధారణంగా పది భాగాలు చేస్తాం. గడ్డ తిరిగే చోటంతా అప్పుడు తెలుస్తుంది. కదలిక ఎక్కువైతే పొట్ట మీద బెల్టుతో కాస్త నొక్కడమో, ఊపిరి బిగబట్టించడమో చేస్తాం.

మీ ఒంటి ఆకారానికి తగ్గట్టు గాలి తీసేస్తే గట్టిపడే పరుపులో పడుకోబెట్టి, చేతులు తల పైకి పెట్టిస్తాం. అక్కడ చాలామంది మాకు సాయం చేద్దామని పెద్దపెద్దగా ఊపిరి తీస్తారు. వద్దు. ఇంట్లో మంచం మీద పడుకుని ఎలా తీస్తారో అలాగే తీయండి. భుజం పట్టేసి చెయ్యి పైకి లేవని వాళ్లు, పడుకుంటే దగ్గు తెర వచ్చేవాళ్లు ముందే చెప్పండి, దానికి మందు ఇచ్చి మొదలుపెడతారు. ఛాతీ మీద పెట్టే గుర్తులు చెరగకుండా చూసుకోండి. సిట్టింగులు అయ్యేదాకా వీపు రుద్దించుకోవడాలూ, నలుగు స్నానాలూ మానేస్తే మేలు.

తర్వాత వారం, ఒక్కోసారి ఇంకాస్త ఎక్కువ ఖాళీ వస్తుంది. మమ్మల్ని పట్టించుకోవట్లేదని ఆ టైములో ఫోన్లు వస్తాయి. అప్పుడు డాక్టరు ప్రతి ముక్క మీదా గడ్డనీ, గుండెనీ, వెన్నుపామునీ గీస్తుంటారు. ఫిజిసిస్టు లెక్కలు వేసి, ముందు ఒక బొమ్మ మీద అదే ప్లాను నడిపి కొలిచి చూస్తారు. మీరు మెషీన్ ఎక్కకముందే మీ వైద్యం ఒకసారి పూర్తయిపోయి ఉంటుంది.

సిట్టింగు ఎంతసేపు? లోపల ఒక్కరమే ఉండాలా?

అరగంట నుంచి గంట పట్టొచ్చు, కిరణాలు పడేది అందులో కొన్ని నిమిషాలే. మిగతాదంతా సర్దుబాటు. మెషీన్ మీదే చిన్న సీటీ తీసి, ప్లాను చిత్రంతో పోల్చి, బల్లని మిల్లీమీటర్ల లెక్కలో జరుపుతాం. మధ్యలో ఆగినా, బల్ల దానంతటదే కదిలినా కంగారు పడొద్దు. లోపల మీరొక్కరే, కానీ కెమెరాలో చూస్తూనే ఉంటాం, మైకులో మాటలు వినబడతాయి. ఒక పెద్దాయన కిందటేడాది లోపల్నుంచే ‘ఏటి బాబూ, ఇంకా అవ్వలేదేటి? ఆకలేస్తంది’ అన్నారు. చెయ్యి ఎత్తకుండా చెబితే చాలు, ఆపేస్తాం. సిట్టింగులు సాధారణంగా రోజు విడిచి రోజు ఉంటాయి.

జుట్టు రాలుతుందా? పథ్యం ఉందా?

తల జుట్టు రాలదు. పథ్యం లేదు. వంకాయ, గోంగూర, చేపలు అన్నీ తినొచ్చు.

మనవడిని ఎత్తుకోవచ్చా?

రేడియేషన్ సిట్టింగ్ అయిన వెంటనే ఎత్తుకోవచ్చు. లినాక్ ఆపితే కిరణాలు ఆగిపోతాయి, మీ ఒంట్లో ఏమీ మిగలదు. పెట్ స్కాన్ సంగతి వేరు, ఆ మందు కొన్ని గంటలు ఒంట్లో ఉంటుంది. ఆ రోజంతా చంటిపిల్లలకీ గర్భిణులకీ దూరంగా ఉండి, నీళ్లు బాగా తాగండి.

ఇంటికెళ్లాక ఏం జాగ్రత్త?

కొన్ని వారాలు నీరసం ఉంటుంది. గడ్డ పక్కటెముకల దగ్గరైతే నెలల తర్వాత అక్కడ నొప్పి రావచ్చు, అరుదుగా ఎముక చిట్లవచ్చు.

నాకు టెన్షన్ పెట్టేది మరొకటి. వైద్యం అయిపోయిన నెల నుంచి ఆరు నెలల మధ్య పొడి దగ్గు, ఆయాసం, కొద్దిగా జ్వరం రావచ్చు. రేడియేషన్ వల్ల ఊపిరితిత్తి వాయడం అది. అప్పటికి అందరూ వైద్యం సంగతి మరచిపోయి ఉంటారు. దగ్గరలోని ఆర్‌ఎంపీ దగ్గరకో, టౌన్‌లో క్లినిక్‌కో వెళ్తారు. న్యుమోనియా అని యాంటీబయోటిక్ మీద యాంటీబయోటిక్ మారుస్తూ రెండు వారాలు గడుస్తాయి. దీనికి కావాల్సింది చాలాసార్లు స్టెరాయిడ్ మందు, అదీ డాక్టరు చెప్పినట్టు నెమ్మదిగా తగ్గిస్తూ, హఠాత్తుగా మానకుండా. కాబట్టి ఎక్కడికి వెళ్లినా మొదటి మాట ‘నాకు ఊపిరితిత్తికి రేడియేషన్ ఇచ్చారు’ అనే ఉండాలి. డిశ్చార్జి కాగితాన్ని ఫోన్‌లో ఫోటో తీసి పెట్టుకోండి, మనవడి ఫోన్‌లో కూడా.

ఇప్పుడు చుట్ట మానేసి ఏం లాభం?

ఉంది. మానేసిన వాళ్లకి ఊపిరి దిగజారే వేగం తగ్గుతుంది, కొత్త క్యాన్సర్ వచ్చే ముప్పు తగ్గుతుంది. మనవైపు ఆడవాళ్లు నిప్పు వైపు నోట్లో పెట్టుకుని కాల్చే అడ్డపొగ గురించి వేరే చెప్పాలి. దానివల్ల అంగిలి క్యాన్సర్ వస్తుందని డాక్టర్లకి ఎప్పటినుంచో తెలుసు. అందుకని స్కాన్‌కి వచ్చినప్పుడు సిగ్గుపడకుండా నోరు కూడా చూపించండి. పొగే తాగనివాళ్లకీ ఈ జబ్బు వస్తుంది. కట్టెల పొయ్యి పొగ, టెక్కలి వైపు గ్రానైట్ క్వారీల్లో లేచే రాతి దుమ్ము కూడా కారణాలే. క్వారీలో చేసి ఉంటే డాక్టరుకి ఆ మాట చెప్పండి.

ఎక్కడికి వెళ్లాలి? ఖర్చు?

రేడియేషన్ కోసం ఎక్కువమంది విశాఖే వస్తారు. అక్కడ అగనంపూడిలో టాటా మెమోరియల్ సెంటర్ నడిపే హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి ఉంది. విజయనగరం నుంచి విశాఖ 60 కిలోమీటర్లు, శ్రీకాకుళం నుంచి 110 దాకా. అగనంపూడి ఊరికి అవతల, గాజువాక దాటాక. ఆర్టీసీ కాంప్లెక్సులో దిగి చేరేసరికి ఇంకో గంట పడుతుందని లెక్క వేసుకోండి. ఎన్టీఆర్ వైద్య సేవ కార్డు ఉంటే 104కి ఫోన్ చేసి, ఆసుపత్రిలో వైద్యమిత్ర (ఆ పథకం తరఫున ఉండే ఉద్యోగి) దగ్గర ‘ఈ ఎస్‌బీఆర్‌టీ, దీని ప్లానింగ్ స్కాన్ కవరవుతాయా’ అని పేరు పెట్టి అడగండి. ఉత్త ‘రేడియేషన్ ఉందా’ అంటే అందరూ ఉందనే అంటారు. ప్రైవేటులో అయితే రెండు ప్రశ్నలు: 4డీ సీటీ ఉందా? ప్రతి సిట్టింగుకీ ముందు మెషీన్ మీద సీటీ తీస్తారా? నీళ్లు నమిలితే ఇంకో చోట కూడా కనుక్కోండి.

తర్వాత స్కాన్ తీస్తే గడ్డ ఇంకా పెద్దదైంది! వైద్యం పనిచేయలేదా?

ఆగండి, ఏడవకండి. రేడియేషన్ పడిన చోట ఊపిరితిత్తి గట్టిపడి మచ్చ కడుతుంది. మొదటి ఏడాదిలో ఆ మచ్చ అసలు గడ్డ కన్నా పెద్దగా కనబడటం మామూలే. నెలల తరబడి పెట్‌లో కొద్దిగా వెలుగుతుంది కూడా. ఒక్క స్కాన్‌తో తేల్చరు. మొదటి రెండు మూడేళ్లు మూడు నుంచి ఆరు నెలలకోసారి సీటీ తీసి, వరసగా పెట్టి చూస్తారు. ఏడాది దాటాక కూడా పెరుగుతూనే పోతే, అంచు ఉబ్బితే, అప్పుడు అనుమానించి ముక్క తీస్తారు.

స్కాన్ శ్రీకాకుళంలోనో విజయనగరంలోనో తీయించుకున్నా ఫర్వాలేదు, పాత సీడీలన్నీ పట్టుకెళ్లండి. స్కాన్ చీటీ మీద ‘ఊపిరితిత్తికి రేడియేషన్ అయింది’ అని, ఏ వైపో, ఏ నెలలోనో డాక్టరు చేత రాయించండి. ఆ ఒక్క లైను లేకపోవడం వల్ల రిపోర్టులో క్యాన్సర్ తిరగబెట్టిందని వచ్చి, రాత్రికి రాత్రి కారు కట్టించుకుని వచ్చేసిన కుటుంబాలను చూశాను. వాళ్ల పాత సీడీ పెట్టి చూస్తే, అది మేం ముందే ఊహించిన మచ్చే.